ఖాళీ కుర్చీ, కిర్రు చెప్పులు

మా ఇంట్లో జర్మనీ రాజు గురించి ఆరేళ్లు మాట్లాడుకున్నాం. నస్పూర్‌లో బొగ్గుగని కార్మికుల క్వార్టర్లలో ఇంకే ఇంట్లోనూ ఆయన ఊసు వచ్చి ఉండదని గట్టిగా చెప్పగలను. తప్పు నాదే. డిగ్రీ కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పుకుంటూ హాయిగా బతుకుతున్నదాన్ని, నలభై దగ్గరపడ్డాక పీహెచ్‌డీ చేయాలనే బుద్ధి పుట్టింది. నేను తీసుకెళ్లిన అంశాలన్నీ మా గైడ్ సారు "ఇవి అందరూ చేసేసిన్రమ్మా" అని పక్కన పెట్టేశారు. చివరికి ఆయనే, రెండు ప్రపంచ యుద్ధాల నడుమ జర్మనీలో రాచరికం మళ్లీ వచ్చే అవకాశం ఎంతవరకు ఉండేదో చూడమన్నారు.

ఆ సంగతి చెప్పగానే మా నాన్న, మేం బాపు అంటాం, అన్నం కలుపుతున్న చెయ్యి ఆపాడు. ఆయన ముప్పై ఏళ్లకు పైగా బొగ్గుబాయిలో దిగి ఎక్కి రిటైరైన మనిషి.

"పోయిన రాజు మల్లెందుకొస్తడే? గా జర్మనోళ్లకేం రోగం, పోయినోణ్ని పోనియ్యక?"

"గా రోగమేందో రాయాలె బాపూ. గదే నా పని."

"గా రోగం జూడనీకె జర్మనీ దాక ఎందుకు? మీ పెద్దబాపు లేడా?"

ఆ మాటకు మా అవ్వ, అంటే అమ్మ, పళ్లెం తీసుకుని లోపలికి పోయింది. మా ఇంట్లో పెద్దబాపు పేరెత్తితే ఎవరో ఒకరు లేచిపోతారు.

పెద్దబాపు అంటే మా బాపు అన్న. చొప్పదండి దగ్గర మా ఊళ్లో ఉంటాడు. ఊరి నడుమ దొరల గడి, కోటలాంటి పెద్ద ఇల్లు, ఉండేది. మా వాళ్ల ఇండ్లలోంచి ఇంటికొకరు ఆ గడికి వెట్టికి పోవాలి. మా ఇంటి నుంచి పెద్దబాపు పోయేవాడు. కూలి లేదు, తిట్లు మాత్రం దండిగా ఉండేవి. మా బాపు పదహారేళ్లకే ఇల్లు విడిచి, గోదావరి దాటి వచ్చి బొగ్గుబాయిలో పడ్డాడు. "బొగ్గుల నల్లగైన గని, గడి ముందట వంగలే" అని ఆయన వెయ్యిసార్లు చెప్పుకున్నాడు. పెద్దబాపు అక్కడే ఉండిపోయాడు. తర్వాత ఊళ్లో సంఘాలొచ్చాయి, వెట్టి పోయింది, పెద్దదొర చనిపోయాడు, ఆయన కొడుకు చిన్నదొర ఒక పొద్దున సామాను లారీకెత్తించి పట్నం పోయాడు. పోతూ గడి తాళంచెవి మా పెద్దబాపు చేతిలో పెట్టి, "నేనొచ్చేదాక నీ దగ్గరుంచు" అన్నాడట.

ఇది జరిగి నలభై ఏళ్లు దాటింది. ఆ తాళంచెవి పెద్దబాపు మొలతాడుకే ఉంది. నెలకోసారి గడి తలుపు తీసి వసారా ఊడ్చేవాడు. వసారాలో చేతులున్న పెద్ద కుర్చీ ఒకటి ఉండేది, దొరలు కూర్చున్న కుర్చీ. దాన్ని తుడిచి, దాని తావున దాన్ని ఉంచి వచ్చేవాడు. ఊళ్లో జనం నవ్వేవారు. "దొర కుక్క" అని పోరగాళ్లు వెనకనుంచి అరిచినా ఈయన తిరిగి చూసేవాడు కాదు. మా బాపు ఆ మాట విన్నప్పటి నుంచి ఊరికి పోవడమే మానేశాడు. పండుగలకు అవ్వనూ నన్నూ బస్సెక్కించి, తను మాత్రం డ్యూటీ ఉందనేవాడు. రిటైరయ్యాక కూడా డ్యూటీ ఉందనే అన్నాడంటే ఆయన పంతం అర్థం చేసుకోవచ్చు.

మా దగ్గర దసరానాడు జమ్మి ఆకు తెంపుకొచ్చి, బంగారమని చెప్పి పెద్దవాళ్ల చేతుల్లో పెట్టి కాళ్లు మొక్కుతాం. పూర్వం ఊరి మొదటి జమ్మి గడికే పోవాలి. దొర తీసుకున్నాకే ఊళ్లోవాళ్లు ఒకరికొకరు ఇచ్చుకునేది. దొరలు పోయాక ఆ పద్ధతీ పోయింది, ఒక్క మా పెద్దబాపుకు తప్ప. నాకు పన్నెండేళ్లున్నప్పుడు కాబోలు, ఒక దసరా సాయంత్రం ఆయన వెంట గడిలోకి పోయాను. ఆయన వట్టి కాళ్లతో వసారా ఎక్కి, జమ్మి ఆకులు ఆ ఖాళీ కుర్చీలో పెట్టి, కాసేపు దానికేసి చూస్తూ నిలబడ్డాడు. నాకు సిగ్గేసింది. పోరగాళ్లు అనే మాట నిజమేనని ఆ రోజే తేల్చుకున్నాను.

సరే, నా పీహెచ్‌డీ సంగతి. మొదటి యుద్ధంలో ఓడిపోగానే జర్మనీ చక్రవర్తి, వాళ్ల మాటలో కైజర్, రైలెక్కి హాలండ్ పోయాడు. అక్కడ ఒక పెద్ద ఇల్లు కొనుక్కుని, గడ్డం పెంచి, రోజూ కట్టెలు కొడుతూ ఇరవై ఏళ్లకు పైగా బతికాడు. నేడో రేపో జనం వచ్చి పిలుస్తారని ఆశ. పిలవాలనుకున్నవాళ్లు కూడా తక్కువేం లేరు. పాత సైనికాధికారులు, జమీందార్లు, పెద్ద ఉద్యోగులు, చర్చి పెద్దలు. అయితే ఎవరిని పిలవాలో వాళ్లకు తెగలేదు. కైజర్నే అని కొందరు, ఆయన కొడుకని కొందరు, ఇద్దరూ వద్దు మనవడని ఇంకొందరు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టే వాళ్ల కథ. ఈ లోపల నియంత ఒకడు వచ్చి, వాళ్ల ఆశను తన మెట్టుగా వాడుకున్నాడు. పైకెక్కాక వాళ్ల సంఘాలనే మూయించాడు.

ఆ నియంత అధికారంలోకి వచ్చిన కొత్తలో, పాత రాజుల చర్చిలో ఒక పెద్ద వేడుక చేశారు. అందులో కైజర్ కోసం ఒక కుర్చీని ఖాళీగా ఉంచారు. అప్పటి దేశాధ్యక్షుడు ఎనభై దాటిన పాత సేనాని. పూర్తి యూనిఫాంలో లోపలికొచ్చి, ఆ ఖాళీ కుర్చీ ముందు ఆగి, తన హోదా గుర్తైన చేతికర్ర ఎత్తి వందనం చేశాడు.

ఆ పేజీ దగ్గర నేను పుస్తకం మూసేశాను. ఆ ముసలాయన చేతిలో నాకు జమ్మి ఆకులు కనిపించాయి.

ఇంకేముంది, నా సిద్ధాంతం తయారైంది. రాజు పోయినా వంగిన వెన్ను నిటారు కాదు, బానిసతనానికి అలవాటుపడ్డవాడు ఖాళీ కుర్చీకి కూడా మొక్కుతాడు అని ఒక అధ్యాయం మొత్తం రాసిపారేశాను. అడుగున చిన్న అక్షరాల్లో మా పెద్దబాపునూ ఎక్కించాను. గైడ్ సారు చదివి, "ఫుట్‌నోట్‌లో మీ పెద్దబాపునెందుకు పెట్టినవమ్మా, ఆయన్ని అడిగినవా?" అన్నారు. అడగలేదు. అడిగేదేముంది, కళ్లారా చూశాను కదా అనుకున్నాను. అయినా సారు మాట కాదనలేక ఆ ఎండాకాలం సెలవుల్లో ఊరికి పోయాను.

పెద్దబాపుకు అప్పటికే ఎనభై దగ్గర పడ్డాయి. పెద్దవ్వ పోయి రెండేళ్లయింది. ఒక్కడే గటక కాచుకుని తాగుతున్నాడు. నేను నా చదువు సంగతి చెప్పి నోటుబుక్కు తీస్తే నవ్వాడు.

"నాకేం ఎర్కరా బిడ్డా, నువ్వే చెప్పు. గా జర్మనీ రాజు ముచ్చటేంది?"

చెప్పాను. కట్టెలు కొట్టడం దాకా వచ్చేసరికి ఆయన ముందుకు జరిగి కూర్చున్నాడు.

"మల్లొచ్చిండా గాయిన?"

"రాలే పెద్దబాపు."

"ఆడనే సచ్చిండా?"

"ఆడనే సచ్చిండు."

ఆయన ముఖం చిన్నబోయింది. చూశావా, రాజభక్తి అని లోపల మురిసిపోయాను. పెన్ను టోపీ కూడా తీశాను.

"మరి గాయిన ముందట ఒక్కసారి నిలవడాల్ననుకున్నోళ్లు ఏం జేసిన్రు బిడ్డా? ఆళ్ల ఆశ పాయె గదా?"

"ఎందుకు నిలవడాలె పెద్దబాపు?"

ఆయన లేచి లోపలికి పోయి, దూలం మీద నుంచి ఒక పాత డబ్బా దించాడు. అందులో గుడ్డలో చుట్టి ఒక జత తోలు చెప్పులున్నాయి. నడుస్తుంటే కిర్రుకిర్రుమని మోగే చెప్పులు. ఇప్పుడు ఎవరూ తొడగడం లేదు, కుట్టేవాళ్లూ లేరు. సుల్తానాబాద్‌లో ఒక ముసలాయనను వెతికిపట్టి, బతిమాలి కుట్టించుకున్నాడట. చేతికి ఆముదం పట్టించుకుని వాటిని తుడుస్తూ చెప్పాడు.

మా ఊళ్లో గడి ముందు నుంచి చెప్పులతో నడవకూడదు. దూరంలోనే విడిచి, చేత పట్టుకుని, తలగుడ్డ తీసి నడవాలి. అందులోనూ కిర్రు చెప్పులైతే ఊరు మొత్తానికి పెద్దదొర ఒక్కడే తొడిగేది. ఆ చప్పుడు వినబడితే గడిలో పనివాళ్లే కాదు, దొర సొంత కొడుకు కూడా కూర్చున్నచోటు నుంచి లేచి నిలబడాలి. పెద్దబాపు లగ్గానికి అత్తగారు కొత్త చెప్పులు పెట్టారు. పాపం వాళ్లది వేరే ఊరు, ఈ ఊరి పద్ధతి తెలియక మురిపెంగా కిర్రు చెప్పులే కుట్టించారు. డప్పుల చప్పుడులో, పెండ్లి సంబురంలో ఈయన విడవడం మరిచిపోయాడు. గడి ముందు పది అడుగులు నడిచాడు.

"పది అడుగులే బిడ్డా. డప్పులు ఆగినయి. పెద్దదొర బయిటికొచ్చిండు. చెప్పులు రెండు నెత్తి మీద పెట్టిచ్చి, పొద్దుమూకేదాక గడి ముందట నిలవెట్టిండు. నా పక్కపొంటి మీ పెద్దవ్వ. పసుపుబట్టలతోని. మీ బాపు చిన్నోడు, నా అంగి కొస వట్టుకొని ఏడుస్తుండు."

నా పెన్ను ఎక్కడ పోయిందో నాకు తెలియదు.

"పెద్దదొర సచ్చిపాయె. మీ పెద్దవ్వ సచ్చేదాక గా ముచ్చట నోట్లకెల్లి తియ్యలే, ఆమె గూడ పాయె. గా దినం వసారల నిలవడి చూసినోడు చిన్నదొర ఒక్కడే ఉన్నడు. ఆయినకు నాకు ఒకటే ఈడు. తాళంచెయ్యి నా కాడుంటే, ఎప్పటికైన నా కాడికి రావాలె గదా. వచ్చి గా కుర్చీల కూసోవాలె. గాయిన ముందట నేను గీ చెప్పులేసుకొని నడవాలె. ఎవలు చూడకుంట ఏసుకుంటే ఏం లాభం బిడ్డా?"

"మరి జమ్మి?"

"దసరాకొకసారి పోయి కుర్చీకి చెప్తున్న. ఇగ జల్ది రా, నా పానం ఆగుతలేదని."

నాకు ఏడుపూ వచ్చింది, నామీద నాకు కోపమూ వచ్చింది. ఇరవై ఎనిమిదేళ్ల కింద చూసిన ఒక్క సాయంత్రాన్ని పట్టుకుని ఆయనను బానిసను చేసి, అడుగున చిన్న అక్షరాల్లో అచ్చువేయబోయాను. ఇంటికొచ్చి మా బాపుకు చెప్పాను. ఆయన ఫ్యాను కింద మంచంలో పడుకుని ఉన్నాడు. లేచి కూర్చున్నాడు. చెప్పులు నెత్తిన పెట్టించిన సంగతి ఆయనకు తెలుసు. అది చూసిన కళ్లతోనే పదహారేళ్లకు ఊరు విడిచాడు. అన్న తాళంచెవి ఎందుకు దాచుకున్నాడో మాత్రం తెలియదు.

"గంత జరిగినా బుద్ధి రాలేదనుకున్న" అన్నాడు. తర్వాత గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ రోజు అన్నం తినలేదు.

వానలు మొదలయ్యాక ఒక పొద్దున పెద్దబాపు ఫోన్ చేశాడు. "బిడ్డా, వస్తుండట." గడిని ఎవరో ఫంక్షన్ హాలు కట్టడానికి కొన్నారు. రిజిస్ట్రేషన్ కోసం చిన్నదొర కరీంనగర్ వచ్చాడు. మరుసటి రోజు ఊరికి వచ్చి, గడి ఒకసారి చూసుకుని, తాళంచెవి తీసుకుపోతాడు. కాలేజీకి సెలవు పెట్టి బయల్దేరాను. బాపునూ రమ్మన్నాను. చెప్పులు తొడుక్కుని గడప దాకా వచ్చాడు, మళ్లీ లోపలికి పోయాడు.

"నేను జూడలేను" అన్నాడు. నేను ఆటో ఎక్కాక కిటికీలోంచి అరిచాడు. "ఇడువద్దని చెప్పు. ఏదేమైనా చెప్పులు ఇడువద్దని చెప్పు."

నేను చేరేసరికి పెద్దబాపు తెల్ల ధోవతి కట్టి, చెప్పుల డబ్బా పక్కన పెట్టుకుని ఉన్నాడు. గడి తలుపులు పొద్దున్నే తీసిపెట్టి వచ్చాడట. "గట్ల అలవాటుల ఇడుస్తనేమో బిడ్డా, జర చూస్కో" అన్నాడు. మా బాపు మాట చెప్పాను. "వాడన్నడా?" అని రెండుసార్లు అడిగాడు.

మేం పోయేసరికి కారు వచ్చి ఉంది. గుమ్మం దగ్గర ఒక నల్లరాయి ఉంది, దాని అవతలికి మా వాళ్ల చెప్పులు ఏనాడూ పోలేదు. రాయి దగ్గర పెద్దబాపు ఆగాడు. పాదం చెప్పులోంచి సగం బయటికి వచ్చింది. నేను ఆయన మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాను. పాదం మళ్లీ లోపలికి పోయింది. నా చెయ్యి విడిపించుకుని ఒక్కడే రాయి దాటాడు.

చిన్నదొర వసారాలో ఆ కుర్చీలోనే కూర్చుని ఉన్నాడు. నల్లద్దాలు, చేతిలో కర్ర, పక్కన డ్రైవర్. గుమ్మం దగ్గర అలికిడికి తల తప్పు దిక్కుకు తిప్పాడు. చూపు పోయిందని అప్పుడు అర్థమైంది. ఎవలు చూడకుంట ఏం లాభమని అన్న మనిషి, ఇన్నేళ్లు కాచుకున్నది ఈ కళ్ల కోసమా? పెద్దబాపుకూ తెలిసింది. నడుమలో ఒక్కక్షణం ఆగాడు. వెనక్కి వచ్చేస్తాడనుకున్నాను.

ఆయన నడిచాడు. బండలు పరిచిన వాకిలి. కిర్రు, కిర్రు, కిర్రు.

మూడో అడుగుకు చిన్నదొర ముఖం మారింది. నాలుగో అడుగుకు కుర్చీ చేతులు పట్టుకుని, తడబడుతూ లేచాడు. కర్ర కింద పడింది. భుజం మీది కండువా చేతిలోకి తీసుకుని, చేతులు కట్టుకుని, తల వంచి నిలబడ్డాడు. ఎనభై ఏళ్ల మనిషి, బడిపిల్లవాడిలాగా.

"నాయినా" అన్నాడు. గొంతు సన్నగా వచ్చింది. "ఏం తప్పు జెయ్యలే నాయినా."

పెద్దబాపు మెట్టు మీద నిలబడిపోయాడు. దొర లేచి నిలబడి ఉన్నాడు. చెప్పుల్లో ఉన్నది మా పెద్దబాపు. ఇంకాసేపు నిలబడనియ్యి పెద్దబాపూ, పొద్దుమూకేదాకా నిలబడనియ్యి అని నా లోపల ఎవరో అరుస్తున్నారు. అరిచింది నేనే, దాచడం ఎందుకు. ఆయన వంగాడు. చెప్పులు విడుస్తాడేమోనని నాకు ప్రాణం పోయింది. కింద పడ్డ కర్ర తీసి దొర చేతిలో పెట్టాడు.

"కూసో దొరా. పెద్దదొర లేడు. ఇగ రాడు. నేను."

చిన్నదొర గొంతు ఆనవాలు పట్టాడు. కూర్చోలేదు. కర్ర పట్టుకుని అట్లాగే నిలబడి అడిగాడు.

"నీ లగ్గంనాటివేనా?"

మరిచిపోలేదన్నమాట. పెద్దబాపుకు యాభై ఏళ్లకు పైగా ఏ ముచ్చట గొంతులో అడ్డుపడి ఉందో, అది దొర గొంతులోనూ ఉంది. పెద్దబాపు కళ్లలోంచి నీళ్లు ధారగా కారిపోయాయి, తుడుచుకోలేదు.

"గవి ఆ దినమే కాలవెట్టిన దొరా. గివి కొత్తయి."

"నువ్వు కూసో ముందు" అన్నాడు చిన్నదొర. కుర్చీ ఒక్కటే ఉంది. ఇద్దరిలో ఎవరూ అందులో కూర్చోలేదు. వసారా అరుగు మీద పక్కపక్కన కూర్చున్నారు. పెద్దబాపు మొలతాడు నుంచి తాళంచెవి విప్పి ఆయన చేతిలో పెట్టాడు. చిన్నదొర వంగి, చేత్తో తడిమి ఆ చెప్పులు చూశాడు. ఎవరు కుట్టారని అడిగాడు. సుల్తానాబాద్ అన్నాడు పెద్దబాపు.

ఇంటికి వస్తుంటే సగం దారిలో పెద్దబాపు చెప్పులు విడిచి చేత పట్టుకున్నాడు. "కరుస్తున్నయి బిడ్డా" అన్నాడు. వట్టి కాళ్లతో హాయిగా బురదలో నడిచాడు.

నా అధ్యాయం మళ్లీ రాశాను. పోయిన రాజు కోసం ఎదురుచూసే ప్రతివాడూ రాజును ప్రేమించినవాడు కాకపోవచ్చని ఒక వాక్యం చేర్చాను. సారు దాని పక్కన "ఆధారం?" అని ఎర్ర సిరాతో రాశారు. ఆధారంగా చూపడానికి నా దగ్గర కాగితం లేదు, కొట్టేశాను. ఫుట్‌నోట్ కూడా తీసేశాను.

చిన్నదొర వచ్చిపోయిన రోజు బస్టాండ్ నుంచి మా బాపుకు ఫోన్ చేశాను. ఆయన ముందు అన్న ఎట్లున్నడని అడగలేదు, దొర ఏమన్నడని అడగలేదు.

"ఇడిసిండా?"

"ఇడువలే బాపూ."

"మోగినయా?"

"మోగినయి."

ఫోన్లో ఊపిరి చప్పుడు వినిపించింది, బొగ్గు పట్టిన ఊపిరి. తర్వాత చిన్నపిల్లవాడిలా అడిగాడు. "గడి బయిటికి ఇనచ్చిందా? ఊరోళ్లకు ఇనచ్చిందా?"

గడి బయట ఆ వేళ ఎవరూ లేరు. వాన పడుతోంది, అందరూ నాట్లకు పోయారు. పరిశోధన చేసేవాళ్లు లేనిది ఉన్నట్టు చెప్పకూడదు.

"బజారు దాక ఇనచ్చింది బాపూ" అన్నాను. "అందరు బయిటికొచ్చి చూసిన్రు."

మా బాపు ఏడవడం నేను వినడం అదే మొదటిసారి.